మానని చుక్క

సంచి తనే కుట్టింది. ఎవరి కర్టెన్లకో కత్తిరించగా కొట్లో మిగిలిన నీలం గుడ్డ, లోపల తెల్ల లైనింగు, భుజానికి తగిలించుకోవడానికి ఒక పట్టీ. నాలుగేళ్ళ పిల్ల భుజానికి పట్టీ ఎంత పొడుగుండాలో దారమ్మ కొలవనక్కర్లేదు. చివరి ముడి వేసి, దారాన్ని కింది పళ్ళకి ఆనించి టక్కున కొరికి, నాలుక మీద మిగిలిన పోగుని ఉమ్మేసింది.

తర్వాత సర్దడం మొదలుపెట్టింది. నాలుగు గౌన్లు పెట్టింది, లోపలి బట్టలు పెట్టింది. దువ్వెన పెట్టి, మళ్ళీ తీసి, పళ్ళలో ఇరుక్కున్న వెంట్రుకలు లాగేసి మళ్ళీ పెట్టింది. పిల్ల తలకింద పెట్టుకునే బుల్లి దిండు ఎంత కుక్కినా పట్టలేదు. ఎవరినైనా సాగనంపేటప్పుడు మనసంతా ఇలాంటి వాటి మీదే ఉంటుంది. దువ్వెన మరిచిపోతే ఏదో మునిగిపోతుందన్నట్టు వెతుక్కుంటాం.

అత్త మంచం అంచున కూర్చుని చూస్తోంది. మనవరాల్ని తీసుకెళ్ళడానికే పొద్దుటి రైలుకి దిగింది. మధ్యాహ్నం రైలుకి తిరుగు ప్రయాణం. ఒక గౌను చేతిలోకి తీసుకుని కింది అంచు తిరగేసి చూసింది.

"నెలా రెణ్ణెల్లకని చెప్పి ఇంత మడత పెట్టావేంటే? నాలుగేళ్ళు తొడగొచ్చు దీన్ని."

"అలవాటు అత్తయ్యా. పిల్లల బట్టలకి మడత వదిలే కుడతాం."

అలవాటన్న మాట నిజమే. కానీ మామూలుగా వదిలేదానికి రెట్టింపు వదిలింది. చేతులు వాటంతటవే మడిచాయి.

దారమ్మ అన్నది కొట్టుకి వచ్చేవాళ్ళు పెట్టిన పేరు. ఎప్పుడు చూసినా పెదవి చివర ఒక పోగు వేలాడుతుంటుంది కాబట్టి దారమ్మ. కొట్టు మాస్టరుది. ఆయన బల్ల దగ్గర నిలబడి కత్తిరిస్తాడు, ఈమె మిషను మీద కుడుతుంది, బొత్తాలూ కాజాలూ చేత్తో వేస్తుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలోనే ఆయన ఆమె చేతిలోంచి కత్తెర లాగేసుకున్నాడు.

"ప్రతి పోగుకీ కత్తెర వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారినట్టే. నోటినిండా కత్తెరలున్నాయి కదమ్మా నీకు. కొరుకు. తడి తగిలితే కొస కూడా చీలదు, సూదిలోకి ఒక్క పోటున దూరిపోతుంది."

మాస్టరు కింది పంటి మీద చిన్న గాడి ఉండేది, దారం ఆనీ ఆనీ అరిగింది. పెదవి లాగి మరీ చూపించి మురిసిపోయేవాడు. పని వచ్చినవాడికి అదే గుర్తు అనేవాడు. కొన్నేళ్ళకి దారమ్మ పంటి మీద కూడా అలాంటి గాడి పడింది. ఆ రోజు కొట్లో అందరికీ టీ తెప్పించి, "ఇవాళ్టికి దర్జీవయ్యావు" అన్నాడు. ఆమె ఇంటికెళ్ళి అద్దంలో ఆ గాడిని పదేపదే చూసుకుంది. ఆ పన్ను పక్కవాటికన్నా కాస్త నల్లబడిందని కూడా చూసింది. గాడి చూసుకునే సంబరంలో ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

గడ్డం మీద చుక్క ఆ తర్వాత వచ్చింది. గడ్డానికి సరిగ్గా నడుమ, పెసరగింజంత ఎర్రటి పొక్కు. నొప్పి లేదు, దురద లేదు. కొస పగిలి చిన్న చుక్క చీము వచ్చింది, ఎండింది, పెచ్చు కట్టింది. పెచ్చు ఊడింది, మళ్ళీ చుక్క.

కొట్లో అందరిదీ ఒకటే మాట. సూది. గుండుసూదులు పెదవుల మధ్య బిగించుకుని పనిచేసే మనిషి కదా, ఏదో ఒకటి జారి గుచ్చుకుని కొస విరిగి లోపల ఉండిపోయి ఉంటుంది. దర్జీలకి గాయమంటే సూదే. ఇంకోలా ఆలోచించడం ఎవరికీ చేతకాలేదు. దారమ్మకైతే ఆ నమ్మకం ఎంత ముదిరిందంటే, స్కూలు యూనిఫారాలు కుడుతున్నప్పుడు ఒకసారి గడ్డం కింద చురుక్కుమన్నట్టు గుర్తు కూడా వచ్చింది. నిజంగా జరిగిందో, వెతకగా వెతకగా దొరికిందో ఆమెకే తెలియదు. వీధి చివరి డాక్టరుకి అదే చెప్పింది. ఆయన కోసి చూశాడు. సూది దొరకలేదు. పెద్దాసుపత్రిలో ఇంకొంచెం లోతుగా కోశారు. అక్కడా దొరకలేదు. కుట్లు వేసి పంపారు.

ఆ కుట్లు చూసి మాస్టరు మొహం చిట్లించాడు. "ఇదేం కుట్టమ్మా. నా కొట్లో ఇలా కుడితే మొత్తం విప్పించేవాణ్ణి."

నవ్వబోతే గడ్డం లాగింది. వారం తిరక్కుండా రెండు కుట్ల నడుమ నుంచి చుక్క మళ్ళీ తొంగి చూసింది.

ఆఖరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఏమీ తేలలేదు. "చర్మానికి వచ్చే క్షయ కావచ్చు. కాకపోనూ వచ్చు. మందులు మొదలుపెట్టి చూద్దాం" అన్నాడు.

పక్కన నిలబడ్డ భర్త గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లో చిన్నపిల్ల ఉందండీ."

"ఇది ఊపిరితో అంటుకునే రకం కాదు" అన్నాడు డాక్టరు, రాస్తూ రాస్తూ తలెత్తకుండా. "అయినా కాస్త జాగ్రత్తగా ఉండండి."

రెండు మాటలూ ఇద్దరూ విన్నారు. ఇంటికి చేరేసరికి రెండోదే మిగిలింది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తెగుతుందో లేదో చూద్దామని తాడుని వదిలేసే పని కాదది. పోగు లేచిందంటే తాడు మార్చేస్తారు. ఇంట్లోనూ అతను అలాగే ఆలోచించాడు. పిల్లని తన అమ్మ దగ్గరికి పంపేద్దాం, అక్కడ అన్నయ్యా వదినా ఉన్నారు, వాళ్ళకి పిల్లల్లేరు, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు, చుక్క మానాక ఒక నెల ఆగి తెచ్చుకుందాం అన్నాడు. దారమ్మ కాదనలేదు. అతని కన్నా ఆమెకే భయం ఎక్కువ. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచి పిల్ల కంచం, గ్లాసు వేరే పెట్టింది. పిల్ల నిద్రలో పొర్లుతూ తన వైపు వస్తుంటే తను గోడకి అతుక్కుపోయేది.

పిల్లని ఇంట్లో బొంగరం అని పిలిచేవాళ్ళు. నిలబడమంటే తిరిగేది, కూర్చోమంటే కూర్చున్నచోటే తిరిగేది. ఇప్పుడు కూడా కొత్త సంచి భుజాన వేసుకుని గది మధ్యలో గిరగిరా తిరుగుతోంది.

"అమ్మా, నువ్వు రావా?"

"చుక్క మానాక వచ్చి నిన్ను తీసుకొస్తా."

"ఎప్పుడు మానుద్ది?"

"తొందరగానే."

"తొందరగా అంటే స్నానం అయ్యేలోపా?"

అత్త నవ్వింది. దారమ్మ కూడా నవ్వి, మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల నుదురు జానెడు దూరంలో ఉంది. చాలారోజులుగా అంత దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మంలో భర్త నిలబడి చూస్తున్నాడు. చూపు పక్కకి తిప్పుకోలేదు.

"బొంగరం, ఒక ఆట ఆడదామా. నువ్వు గట్టిగా ఊపిరి బిగపట్టు. నేను టక్కున ఒక ముద్దు పెట్టేసి వెనక్కి వెళ్ళిపోతా. అప్పుడు వదులు. మధ్యలో వదిలావో, నువ్వు ఓడిపోయినట్టు."

పిల్ల బుగ్గలు పూరించి కళ్ళు మూసుకుంది. దారమ్మ తనూ ఊపిరి బిగపట్టి, చుక్క తగలకుండా గడ్డం పైకెత్తి, పెదవుల కొసలతో నుదుటిని ముట్టుకుంది. వెనక్కి జరిగింది. "వదులు."

పిల్ల బుస్సుమని వదిలి పకపకా నవ్వింది. "ఇంకోసారి."

ఇంకోసారి ఆడారు. మరోసారి కూడా ఆడారు.

"రైలు మన చుట్టం కాదు, ఆగదు. కదలండి" అంది అత్త లేచి.

"ఇది మన ఆట. నీకూ నాకే" అంది దారమ్మ పిల్ల చెవి దగ్గర కాకుండా, కాస్త ఎడంగా. "అమ్మ దగ్గరికి వస్తే ఊపిరి బిగపట్టాలి. చుక్క మానిందాకా. మరిచిపోవు కదా?"

పిల్ల బుగ్గలు పూరించుకునే తలూపింది. అలాగే మెట్లు దిగింది. ఏడవలేదు. ఏడిపించకుండా పంపగలిగినందుకు, ఆట తట్టినందుకు, దారమ్మ ఆ పూట తనని తాను మెచ్చుకుంది.

మందులు వేసుకుంటే చుక్క ఎండేది. అదే వచ్చిన చిక్కు. ఎండకుండా ఉంటే ఆశ ఉండేది కాదు. పెచ్చు ఊడి కింద లేత చర్మం కనిపించగానే దారమ్మ పిల్ల పరుపు ఎండలో వేసేది, ఇల్లు కడిగేది, అత్తకి ఫోను చేయించేది. భర్త సెలవు అడిగేవాడు. సరిగ్గా అప్పుడు ఒక ఉదయం మొహం కడుక్కుంటుంటే వేలికి తడి తగిలేది. ఆమె అద్దం దగ్గరికి వెళ్ళేది కాదు. తువ్వాలు గడ్డానికి అదిమిపెట్టుకుని అలాగే నిలబడేది. భర్త చూసి, సెలవు అడిగిన చోట వద్దని చెప్పడానికి వెళ్ళేవాడు.

మొదటి ఏడాదిలోనే ఒకసారి ఆగలేక వెళ్ళింది. గడ్డానికి గుడ్డ కట్టుకుని, అత్తవాళ్ళ గేటు బయటే నిలబడింది. పిల్ల అరుగు మీద నుంచి చేయి ఊపింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నోట్లో మిఠాయి ఉంది కాబోలు అనుకుంది దారమ్మ. మాట్లాడకపోయినా ఫరవాలేదు, తిననీ అనుకుంది.

"నువ్విలా వచ్చి పోతుంటే దానికి రెండు రోజులు అన్నం సయించదు" అంది అత్త గేటు దగ్గరికి వచ్చి. కోపంగా అనలేదు. "ముందు అది మానించుకోవే. తర్వాత నీ పిల్ల ఎక్కడికి పోతుంది."

ఆ తర్వాత నెలకోసారి భర్త ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. తిరిగి రాగానే దారమ్మ నిలదీసేది. ఎంత పెరిగింది అంటే నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించేవాడు. ఆ చెయ్యి ఏటేటా బెల్టు మీదుగా పైకి పాకింది. ఆ ఎత్తుని బట్టి ఆమె గౌన్లు కుట్టి పంపేది. ఒకటి వదులయ్యేది, ఒకటి బిగుతయ్యేది. "మొదట పంపినవాటి మడతలన్నీ వదిన విప్పేసింది" అని చెప్పాడొకసారి. తను వదిలిన మడత అంతా అయిపోయిందన్నమాట.

ఫోను చేసినప్పుడల్లా పిల్ల మొదటి మాట "చుక్క మానిందా?" అనేది. ఇంకో మాట ఒకటో రెండో. ఎప్పుడూ గబగబా, ముక్కలు ముక్కలుగా. ఎవరో తరుముతున్నట్టు మాట్లాడి పెద్దమ్మకి ఇచ్చేసేది. ఒకనాడు ఆ మొదటి మాట కూడా అడగలేదు. బళ్ళో ఆటల పోటీలు అని ఏదో చెప్పి పెట్టేసింది. దారమ్మ ఫోను చేతిలో పట్టుకుని, మళ్ళీ మోగుతుందేమోనని కూర్చుంది.

కొట్లోనూ రోజులు మారాయి. అంతకుముందు ఆడవాళ్ళ కొలతలు ఆమే తీసేది. టేపు ఛాతీ చుట్టూ వేయగానే ఎవరైనా బిగుసుకుంటారు. "ఊపిరి వదలండమ్మా. బిగపడితే కొలత అబద్ధం చెబుతుంది" అనేది నవ్వుతూ, రోజుకి ఎన్నిసార్లో. ఇప్పుడు టేపు పట్టుకుని దగ్గరికి వెళ్ళేలోపే బిగపడుతున్నారు. మొహం పక్కకి తిప్పుకుంటున్నారు. కొలత తీసి వెనక్కి వచ్చేదాకా వదలడం లేదు. ఒకరోజు మాస్టరు మిషనుని తనే లాగి వెనక గదిలో, కర్టెను చాటున పెట్టాడు.

"వెలుతురు ఇక్కడే బాగుందమ్మా" అన్నాడు. అక్కడ కిటికీయే లేదు. ఇద్దరికీ తెలుసు. అప్పటి నుంచి ఎవరైనా వస్తే కొలతకి పాత బట్ట తెచ్చుకోమని చెప్పడం మొదలుపెట్టాడు.

క్షయ మందులు మొత్తం వాడింది. చుక్క పోలేదు. "అయితే ఇది క్షయ కాదేమో" అన్నాడు చర్మం డాక్టరు. కాదేమో అన్న మాట పట్టుకుని పిల్లని ఎవరు తెస్తారు. మరో డాక్టరు అక్కడ కాల్చాడు. ఇంకొకరు లేపనం ఇచ్చారు. గడ్డం మీద చుక్క చుట్టూ మచ్చలు, కోతలు, కాల్చిన గుర్తులు. వాటి నడుమ అది మాత్రం ఎప్పటిలాగే తాజాగా ఉండేది. అయిదేళ్ళు అలా గడిచాయి.

మాస్టరుకి పళ్ళన్నీ రాలిపోయాయి. గాడి ఉన్న పన్ను ఆఖరున ఊడింది. దాన్ని చాలా కాలం సుద్దముక్కల డబ్బాలో దాచుకున్నాడు. కట్టుడుపళ్ళు పెట్టించుకుందామని బయల్దేరితే చూపు ఆనక, తోడుకి దారమ్మని రమ్మన్నాడు.

పళ్ళ డాక్టరమ్మ ఆయన చిగుళ్ళకి అచ్చు తీస్తుంటే మాస్టరు నోరు ఖాళీ అయినప్పుడల్లా మాట్లాడుతూనే ఉన్నాడు. "మీదీ మా పనేనమ్మా. కొలత తీసుకుంటారు, కొంచెం వదులు పెడతారు, బిగుతైతే మళ్ళీ తెమ్మంటారు."

"మీరు వదలకుండా మాట్లాడితే నా కొలత తప్పుతుంది, మాస్టారూ" అంది ఆవిడ. అంటూనే గోడ పక్క కుర్చీలో గడ్డానికి గుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషి వైపు చూసింది. "ఆ గుడ్డ ఎందుకమ్మా?"

"పుండండీ. మానదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

దారమ్మ చెప్పింది. డాక్టరమ్మ చేతి తొడుగులు మార్చుకుని, మాస్టరుని లేపి, ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. గుడ్డ విప్పి చుక్కని ఒక్క క్షణం చూసి వదిలేసింది. కింది పెదవి లాగి, లోపల వేలితో తడిమింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ తాడులా తగులుతోంది. చర్మం నుంచి ఎముక దాకా."

తర్వాత మంచులా చల్లగా ఉన్న దూదిని పళ్ళకి ఒక్కొక్కదానికీ ఆనించింది.

"చల్లగా ఉందా?"

"ఉంది."

"ఇక్కడ?"

"ఉంది."

"ఇక్కడ?"

దారమ్మ కాసేపు ఎదురుచూసింది. "పెట్టారా అండీ?"

"పెట్టే ఉంచాను" అంది డాక్టరమ్మ.

ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టి చూపించింది. గాడి ఉన్న పంటి వేరు చివర, నల్లగా, గుండ్రంగా, బొత్తాం పట్టేంత మచ్చ. దారం కొరికీ కొరికీ ఆ పన్ను ఏనాడో లోపల చచ్చిపోయిందని చెప్పింది. చచ్చిన పంటికి నొప్పి పుట్టదు, అందుకే తెలియలేదు. వేరు కింద చేరిన చీము ఎముకని తొలుచుకుని, బయటికి దారి వెతుక్కుంటూ వచ్చి గడ్డం మీద తేలింది.

"పుండు చర్మానిది కాదమ్మా, పంటిది. ఇన్నాళ్ళూ మీరు మందు రాసింది తూము మూతికి. కుళ్ళింది లోపల."

"మరి అంటుకుంటుందా అండీ? ఎవరికైనా, పిల్లలకి."

"అంటుకోదు."

"ఇప్పుడా, ఎప్పుడూనా?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అయినా జవాబు చెప్పింది. "ఎప్పుడూ అంటుకునేది కాదు. ఇంతకుముందు చూసినవాళ్ళెవరూ నోరు చూడలేదా?"

"చూశారండీ. పంటినొప్పి ఉందా అని కూడా అడిగాడొకాయన. లేదన్నాను. సూది గుచ్చుకుందని నేనే చెప్పాను అందరికీ."

మర్నాడు దారమ్మ కొట్టుకి వెళ్ళేసరికి ఆమె మిషనుకి ఒక పురికొస కట్టి ఉంది. దాని చివర చిన్న కత్తెర వేలాడుతోంది.

పంటి వేరు శుభ్రం చేసి మందు నింపాక, రెండు మూడు వారాల్లో చుక్క ఎండిపోయింది. దారమ్మ నమ్మలేదు. పొద్దున లేచి వేలు పెట్టి చూసుకునేది. పొడి. మళ్ళీ పొడి. నెల దాటినా పొడే. గడ్డం మీద చిన్న గుంట మిగిలింది.

భర్త ఆ గుంట వైపు చాలాసేపు చూశాడు. "అసలు ఎప్పుడూ అంటుకునేది కాదా?"

"కాదట."

అతను పనిముట్ల సంచి కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ పెట్టాడు. "రేపే వెళ్ళి తీసుకురా. నేను ఈలోపు దాని మూల సున్నం వేస్తాను. చిన్న మంచం సరిపోదు ఇప్పుడు. పెద్దది చూస్తాను" అన్నాడు. తను కూడా రావచ్చు. వస్తానని అనలేదు. పంపింది తను కాబట్టి తెచ్చేది ఆమె కావాలనుకున్నాడో ఏమో.

దారమ్మ టేపు, రెండు రకాల గుడ్డ పట్టుకుని రైలెక్కింది. అక్కడే కొలత తీసి, అక్కడే కత్తిరించి, కొత్త గౌనుతో తీసుకురావాలని. అయిదేళ్ళుగా అంచనా మీద కుట్టిన చేతులు ఆ ఒక్క కొలత కోసం కొట్టుకుపోతున్నాయి.

తోడికోడలు తలుపు తీసి, గడ్డం చూసి, చేయి పట్టుకుంది. "నిజంగానే పోయింది చెల్లీ." లోపలికి తిరిగి పిలిచింది. "అమ్మొచ్చింది, రా."

పిల్ల వచ్చింది. రెండు జడలు, పొడుగు కాళ్ళు. గిరగిరా తిరగడం లేదు. గుమ్మంలో బాగా నిటారుగా నిలబడింది. సిగ్గుపడుతోంది అనుకుంది దారమ్మ. బాగున్నావా అంటే తలూపింది. చదువుకుంటున్నావా అంటే తలూపింది. కాసేపటికి నీళ్ళు తాగి వస్తానన్నట్టు సైగ చేసి లోపలికి వెళ్ళి, వచ్చి మళ్ళీ అలాగే నిలబడింది.

"రా, కొలత తీస్తాను. నీకు ఏ రంగు కావాలి? ఇదా, ఇదా?"

పిల్ల వేలితో ఒకటి చూపించింది. దగ్గరికి వచ్చి చేతులు కాస్త పైకెత్తింది. దారమ్మ టేపుని వీపు వెనక నుంచి తెచ్చి ఛాతీ మీద కలిపింది. అంకె చూడబోయి ఆగిపోయింది. టేపు కింద ఏమీ కదలడం లేదు. చెక్కని కొలుస్తున్నట్టుంది.

"ఊపిరి వదులమ్మా" అంది అలవాటుగా. "బిగపడితే కొలత అబద్ధం చెబుతుంది."

పిల్ల కాదన్నట్టు తలూపింది. మొహం ఎర్రబడి, నల్లబడుతోంది. కణత మీద నరం లేచింది.

"చెల్లీ, కాస్త వెనక్కి జరుగు" అంది తోడికోడలు వెనక నుంచి, మెల్లగా.

దారమ్మ జరిగింది. గోడ తగిలేదాకా జరిగింది. పిల్ల పెరట్లోకి పరుగెత్తింది. బయట ఊపిరి ఈలలా వచ్చి, దగ్గుతో ఆగింది.

"మొదట్లో ఆట అనుకున్నాం" అంది తోడికోడలు నేల చూస్తూ. "మీ ఆయన నీ పేరెత్తినా బిగపట్టేది. ఫోనులో నీతో మాట్లాడాలంటే మాటకీ మాటకీ మధ్య రిసీవరు దూరంగా పెట్టి ఊపిరి తీసుకునేది. నువ్వు పంపిన గౌను రెండుసార్లు ఉతికితే గానీ తొడుక్కోదు. ఎవరు నేర్పారే అంటే చెప్పదు. అది మా ఆట అంటుంది, అంతే."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఏమని చెప్పమంటావు?"

మర్నాడు మళ్ళీ ప్రయత్నించింది దారమ్మ. పిల్ల వేలుని పట్టుకుని తన గడ్డం గుంటలో పెట్టించింది. మానింది చూడు, ఆట అయిపోయింది, నువ్వే గెలిచావు, ఇంక వదిలెయ్యొచ్చు అంది. పిల్ల శ్రద్ధగా విన్నది. వదలడానికి చూసింది కూడా. నోరు తెరిచింది. ఊపిరి మాత్రం గొంతు దగ్గరే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరికి పిల్లే గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. తలుపు అవతల కూర్చుంది. దారమ్మ ఇవతల కూర్చుంది.

"అమ్మా." తలుపు వెనక నుంచి గొంతు మామూలుగా, తీరిగ్గా వచ్చింది. అంత పొడుగు మాటలు ఆ గొంతులో విని ఎన్నాళ్ళయిందో. "నేను కావాలని చేయట్లేదు. నీ మీద కోపం లేదు. నువ్వు దగ్గరికొస్తే అదే ఆగిపోతోంది."

"తెలుసు నాన్నా."

"నాకు మీ ఇంటికి రావాలనే ఉంది. కానీ రైల్లో పక్కపక్కన కూర్చోవాలి కదా. అంతసేపు నావల్ల కాదు."

మీ ఇంటికి అంది. దారమ్మ ఆ మాటని సరిచేయలేదు. తలుపు సందులోంచి పిల్ల ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, లోపలికి, బయటికి, ఏ అడ్డూ లేకుండా. అది వింటూ కూర్చుంది.

"కొన్నాళ్ళకి అదే పోతుంది. వేసవి సెలవులకి నేనే తీసుకొస్తాను" అంది అత్త. వయసు మీద పడి ఆవిడ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

బయల్దేరేముందు దారమ్మ నీలం సంచి అడిగింది. మేకుకి తగిలించి ఉంది, రంగు వెలిసింది, కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు. పట్టీ విప్పి, తెచ్చిన గుడ్డలోంచి ముక్క కలిపి పొడుగు చేసింది. సెలవులకి వచ్చేటప్పుడు భుజానికి సరిపోవాలి. చివరి ముడి వేసి, దారం పళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఆగి, కత్తెర అడిగి తెప్పించుకుని కత్తిరించింది.

పిల్ల అరుగు మీద నుంచి చేయి ఊపింది. దారమ్మ గేటు దాటి, వీధి మలుపు తిరిగేదాకా గబగబా నడిచింది. ఎంత తొందరగా కనుమరుగైతే పిల్ల అంత తొందరగా ఊపిరి వదులుతుంది.

ఇంట్లో తలుపు తీసేసరికి భర్త చేతిలో కుంచె ఉంది. మూల తెల్లగా మెరుస్తోంది. కొత్త మంచం గోడకి ఆనించి ఉంది. అతను ఆమె వెనక్కి చూశాడు, మెట్ల మీదకి చూశాడు.

"సెలవులకి వస్తుంది" అంది దారమ్మ.

ఆ వేసవికి అత్త మంచం పట్టింది. మరుసటి వేసవికి పిల్ల తనే వద్దంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. బొంగరం ఆ ఇంటికి తిరిగి రాలేదు. వెళ్ళింది నాలుగేళ్ళ వయసులో, వానలు మొదలయ్యే ముందు, ఒక బుధవారం, మధ్యాహ్నం రైలుకి.